మీరడిగారు: చర్చి గోడల మధ్య మసీదు, సైప్రస్ వెళ్లేవారి సందేహాలు

ఈ శీర్షికకు తిరుపతి వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం కొండమీద గదుల గురించే ఉంటాయి, మిగిలినవాటిలో ఎక్కువ భాగం కాశీ రైళ్ల గురించి. అలాంటిది, సైప్రస్ ద్వీపంలోని ఫామగుస్తా పట్టణంలో ఏడు వందల ఏళ్ల నాటి గోతిక్ (మధ్యయుగపు యూరప్ కట్టడ శైలి) చర్చి ఒకటి ఈనాడు మసీదుగా నడుస్తున్నదని రెండు సంచికల కిందట నాలుగు వాక్యాలు రాసినందుకు, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, పలమనేరు నుంచి వరసగా ప్రశ్నలు వచ్చాయి. రాసినవారిలో హిందువులూ క్రైస్తవులూ ముస్లిములూ ఉన్నారు. కొందరు పిల్లల దగ్గరికి నిజంగానే ప్రయాణం కడుతున్నవారు, కొందరు ఇంట్లో సాగుతున్న వాదన తేల్చుకోవడానికి అడిగినవారు. ఈసారి స్థలమంతా దీనికే ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని ముగ్గురు కోరారు కనుక అందరివీ తీసేశాను.

మా చిన్నబ్బాయి సైప్రస్‌లోని లిమసోల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దసరా తర్వాత మమ్మల్ని నెల రోజులు తీసుకువెళ్లి, మీరు రాసిన చర్చి-మసీదు కూడా చూపిస్తానంటున్నాడు. మావారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. "అది చర్చీ కాదు, అచ్చంగా మసీదూ కాదు, మనకు అక్కడ పనేమిటి?" అంటున్నారు. ఆడవాళ్లను లోపలికి రానిస్తారా? చీరతో వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

రానిస్తారమ్మా. ఆడవాళ్లకు గానీ అన్యమతస్థులకు గానీ అడ్డు లేదు. నమాజు జరిగే సమయంలో మాత్రం చూడవచ్చినవారు బయట ఆగాలి. శుక్రవారం మధ్యాహ్నం అటువైపు పోవాలని అసలు అనుకోకండి. చీర నిక్షేపంగా కట్టుకోండి. తల కప్పుకోవడానికి కొంగు చాలు గానీ, అదే కొంగుతో నడుమూ భుజమూ కప్పుకోవాలని చూస్తే తల పైకెత్తి చూసిన ప్రతిసారీ అది జారుతుంది. అక్కడ మీరు పైకి చూడకుండా ఉండలేరు. అందుకని పలుచని శాలువా ఒకటి సంచిలో పెట్టుకోండి. మగవారు మోకాళ్లు కనబడే నిక్కర్లతో పోకూడదు. చెప్పులు విడవడం గురించి తిరుపతి, చిత్తూరు వాళ్లకు నేను చెప్పేదేముంది! నమాజు చేసుకుంటున్నవారి ముందు నుంచి దాటకూడదు, వారిని ఫోటో తీయకూడదు. ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఇక మీవారి ప్రశ్న. వారిని ముందు ఒకసారి చంద్రగిరికి తీసుకువెళ్లండి. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ రాజమహల్ ముందు నిలబడితే వరస కమానుల్లో ఇస్లామీయ వాస్తు పోకడ కనబడుతుంది. పైన ఉన్న శిఖరాలు మన గుళ్ల శిఖరాల తీరువి. లోపల ఇప్పుడు పురావస్తు శాఖవారి మ్యూజియం నడుస్తున్నది. రాజు లేడు, రాజ్యం లేదు, అయినా మనం దాన్ని రాజమహల్ అనే పిలుస్తున్నాం, పిల్లల్ని తీసుకువెళ్లి చూపిస్తున్నాం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడి విజయనగరం పాడుపడిన తర్వాత ఆరవీటి రాజులు పెనుగొండకూ, తర్వాత ఈ చంద్రగిరికీ తరలివచ్చారు. ఆ యుద్ధం జరిగిన ఆరేళ్లకే, 1571 ఆగస్టులో, వెనిస్ పాలనలో ఉన్న ఫామగుస్తా కోట ఒట్టోమాన్ తురుష్కులకు లొంగింది, అక్కడి ప్రధాన చర్చి మసీదయింది. తళ్లికోట సంగతి వారికి నేను చెప్పనక్కర్లేదు కదా, అదే కాలపు మరో ముట్టడి ఆనవాళ్లను కళ్లారా చూడవచ్చని చెప్పండి. పండితులు బండి ఎక్కుతారు.

అక్కడికి చేరాక మొదట లోపలికి పోవద్దు. పడమటి ముఖం ఎదుట, చౌకులో, కాసేపు నిలబడండి. లేత పసుపు సున్నపురాయితో కట్టిన ఆ ముఖానికి మూడు ద్వారాలున్నాయి. ఒక్కొక్క ద్వారం మీద కోసుగా లేచిన రాతి ముక్కోణం, నడిమి ద్వారం పైన ఆరు నిలువు గదులుగా చీలి చివర గుండ్రని గులాబీ పువ్వులా విచ్చుకునే పెద్ద కిటికీ కనబడతాయి. ఇంత చెక్కుడు పని పైకి పోతూ పోతూ రెండు బురుజుల దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది. బురుజుల పై భాగాలు 1571 ముట్టడిలో ఫిరంగి గుండ్లకూ, భూకంపాలకూ దెబ్బతిన్నాయి. ఎడమ చేతి వైపు, అంటే ఉత్తరపు బురుజు మీద, సన్నని మినార్ ఒకటి లేచి ఉంటుంది. ముందే చదివి వెళ్లినా, ఆ మినార్ మీద చూపు పడినప్పుడు నాకు నవ్వూ రాలేదు, బాధా కలగలేదు. పెద్ద ఊడల మర్రి కొమ్మల మధ్య మొలిచిన వేప మొక్కను చూసినట్టు అనిపించింది.

గోతిక్ చర్చిని తూర్పు దిక్కు చూసుకుని కడతారని చదివాను. మసీదులో మక్కా వైపు తిరగాలి. ఒకే కట్టడం రెండు దిక్కులకూ ఎలా సరిపోయింది? గెలిచినవారు దాన్ని కూల్చి కొత్త మసీదు కట్టుకోకుండా ఎందుకు వాడుకున్నారు?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

సరిపోలేదు. సరిపోకపోవడమే అక్కడ చూడవలసిన విషయం.

శ్రీవారి ఆలయంలో స్వామి తూర్పు ముఖంగా ఉంటాడు, మనం పడమటికి తిరిగి దర్శనం చేసుకుంటాం. శ్రీకాళహస్తిలో స్వామిది పడమటి ముఖం కనుక అక్కడ భక్తుడు తూర్పుకు తిరుగుతాడు. మధ్యయుగపు చర్చిలో నడక కాళహస్తి తీరుది: పడమటి ద్వారంలో అడుగుపెట్టి, పొడవాటి నడిమి భాగం గుండా, కంబాల వరసల మధ్య నుంచి తూర్పు చివర ఉన్న బలిపీఠం దాకా పోవాలి. కట్టడమంతా ఆ నడక కోసమే. కంబాలూ, కమానులూ, తూర్పు కొసన అర్ధవృత్తంలా వంగిన గోడా, అన్నీ చూపును అటే లాగుతాయి.

సైప్రస్ నుంచి మక్కా దక్షిణానికి, కొద్దిగా తూర్పు మొగ్గుతో ఉంటుంది. మన తిరుపతి మసీదుల్లో పడమటికి తిరిగి నిలబడేవారు అక్కడ దక్షిణానికి తిరగాలి. కాబట్టి మిహ్రాబ్ అనే గూడును దక్షిణపు గోడ వైపు ఏర్పాటు చేశారు. నమాజు వరసలు చర్చి పొడవుకు అడ్డం పడ్డాయి. పడమటి తలుపులో అడుగుపెట్టగానే కట్టడం మిమ్మల్ని తూర్పుకు నడవమంటుంది, నేల మీది తివాచీ కుడి చేతి వైపు తిరిగి నిలబడమంటుంది.

ఈ సంగతి నాకు ఫామగుస్తా కంటే నికోసియాలో బాగా తెలిసింది. రాజధాని నికోసియాలోని సెలీమియే మసీదు కూడా ఒకప్పటి సెయింట్ సోఫియా కేథడ్రలే. అక్కడి తివాచీ మీది గీతలు ఏటవాలుగా పోతాయి, కంబాలు తిన్నని వరసలో నిలబడి ఉంటాయి. గుండ్రని బోదె ఉన్న ఒక కంబం మొదట్లో కూర్చుని చూశాను. తివాచీ గీత ఒకటి కంబాన్ని మూలగా ఢీకొని, అవతలి వైపు మళ్లీ బయలుదేరి, పక్క కంబానికి చేరకుండానే గోడ వైపు పోయింది. మన ఇళ్లలో పాత గది నేలకు కొత్త బండలు పరిచినప్పుడు మూల కలవక, చివరి బండను కోసి అతికిస్తారే, అచ్చం అలాగే తివాచీని కంబం చుట్టూ కోసి అమర్చారు. ఆ కోత దగ్గర నాలుగున్నర శతాబ్దాల చరిత్ర జానెడు మేర కనబడింది.

ఇక కూల్చకపోవడానికి కారణాలు. మొదటిది అవసరం: గెలిచిన ఊళ్లో శుక్రవారం సామూహిక ప్రార్థన జరగాలి, అందుకు పెద్ద కప్పు కావాలి, అది వెంటనే కావాలి. నికోసియా 1570 సెప్టెంబరు 9న ఒట్టోమాన్ సేన వశమైంది. అదే నెల 15న, శుక్రవారం, సేనాని లాలా ముస్తఫా పాషా సమక్షంలో ఆ చర్చిలో నమాజు జరిగింది. ఆరు రోజుల్లో కొత్త కట్టడం ఎవరు లేపగలరు? రెండవది చాటింపు: ఊరి ప్రధాన దేవాలయం చేతులు మారిందంటే పాలన మారిందని ఊరంతటికీ తెలిసిపోతుంది. మూడవది మీలాంటి ఇంజనీర్లు మెచ్చేది. గోతిక్ నిర్మాణంలో గోడ బరువు మోయదు. కొనదేరిన కమానులూ, కప్పు కింద పక్కటెముకల్లా అల్లుకునే రాతి బద్దెలూ బరువును కంబాల మీదికి దించుతాయి, బయటి వైపు నుంచి వాలుగా తన్ని పట్టిన ఊతకమానులు ఆ కంబాలు విచ్చుకుపోకుండా కాస్తాయి. అందువల్ల లోపల ఎత్తైన, విశాలమైన, వెలుతురున్న ఖాళీ దొరుకుతుంది. మసీదుకు కావలసినది శుభ్రమైన నేల, దిక్కు తెలిపే గూడు, ప్రతిమలు లేని గోడ. ఆ ఖాళీ దీనికి అతికింది.

కనుక తీసివేతలే ఎక్కువ జరిగాయి. బలిపీఠమూ, విగ్రహాలూ, రంగుటద్దాలూ పోయాయి, గోడల మీద వెల్ల పడింది. చేర్చినవి మిహ్రాబ్, ఉపన్యాసానికి మెట్ల పీఠమైన మింబర్, బయట మినార్. ఫామగుస్తాలో బురుజు మీద ఒకటి, నికోసియాలో రెండు మినార్లు. ఆ వెల్ల వల్ల ఒక కళ పోయింది, సందేహం లేదు. కానీ నా మటుకు నాకు, రంగులేవీ లేని ఆ తెల్లదనంలో కమాను కొస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనబడినంత స్పష్టంగా యూరప్‌లోని రంగుల చర్చిల్లో కనబడలేదు. నిర్మాణం చదువుకునేవారికి ఇది అస్థిపంజరాన్ని వెలుతురులో పెట్టి చూపించినట్టే.

పైకప్పు కూడా చూడండి. ఫ్రాన్స్‌లో మంచూ వానా జారిపోవాలని ఈ చర్చిలకు నిటారు కప్పులు వేస్తారు. సైప్రస్‌లో వానలు తక్కువ కనుక అదే ఫ్రెంచి నమూనాకు పైన చదునైన మిద్దె వేశారు. ఫామగుస్తా చర్చిని ఫ్రాన్స్‌లోని రైమ్స్ కేథడ్రల్‌తో పోలుస్తారు గానీ, నెత్తి మాత్రం మన రాయలసీమ మిద్దెకే దగ్గర.

ఫ్రెంచి పని అక్కడికెలా వచ్చిందని తర్వాతి ఉత్తరంలో అడుగుతారేమోనని ఇప్పుడే చెప్పేస్తాను. 1191లో ఇంగ్లండు రాజు రిచర్డు సైప్రస్‌ను గెలిచాడు, 1192లో అది లుజిన్యాన్ అనే ఫ్రెంచి వంశం చేతికి వచ్చింది. నికోసియా చర్చి పని 1209లో మొదలై, 1326లో ప్రతిష్ఠ జరిగేదాకా దాదాపు నూటపదిహేడేళ్లు సాగింది. 1291లో పాలస్తీనా తీరాన ఏకర్ రేవు క్రైస్తవుల చేయి జారిపోగానే అక్కడి వర్తకులూ శరణార్థులూ ఎదుటి తీరమైన ఫామగుస్తాకు చేరి దాన్ని సంపన్న నగరం చేశారు. ఆ డబ్బుతో 1300 ప్రాంతంలో మొదలైన సెయింట్ నికోలస్ చర్చి, అంటే ఇప్పటి ఫామగుస్తా మసీదు, 1328కే ప్రతిష్ఠకు సిద్ధమైంది. అంత తక్కువ కాలంలో పూర్తయినందువల్లే అది ఒకే చేతి పనిలా కనబడుతుంది. నికోసియా చర్చిలో మాత్రం ఒక తరం వదిలిన చోట ఇంకో తరం అందుకున్న జాడలుంటాయి.

సెయింట్ సోఫియా చర్చిని మసీదు చేశారని టీవీలో చూశాను. మీరు రాసినదీ అదీ ఒకటేనా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

కాదు. మీరు టీవీలో చూసినది ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా. అది 537లో పూర్తయిన బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) కట్టడం, పెద్ద గుమ్మటం దాని గుర్తు, గోతిక్‌తో సంబంధం లేదు. 1453లో మసీదయింది, గత శతాబ్దపు ముప్ఫైల్లో మ్యూజియమై, 2020లో మళ్లీ మసీదయింది. పేర్ల తికమక మీ ఒక్కరిదే కాదు. సైప్రస్‌లోని ఈ రెండు మసీదులనూ చాలాకాలం అయా సోఫియా అనే పిలిచేవారు, 1954లో నికోసియాదాన్ని సెలీమియే అనీ, ఫామగుస్తాదాన్ని లాలా ముస్తఫా పాషా మసీదు అనీ మార్చారు. ఇస్తాంబుల్‌లోనే గోతిక్ చర్చి మసీదైన ముచ్చట చూడాలంటే గలాటా పేటలోని అరబ్ మసీదుకు వెళ్లండి. 1325 నాటి డొమినికన్ సన్యాసుల చర్చి అది. అక్కడ కొత్త మినార్ కట్టే శ్రమ కూడా పడలేదు, గంట స్తంభమే మినార్ అయింది.

మేము కథోలికులం. మీరు ఆ విషయం చాలా తేలికగా రాశారనిపించింది. దేవుని ఆలయంగా ప్రతిష్ఠించిన చోటు అలా కావడం మాకు బాధగా ఉంది. అక్కడికి వెళితే మేము ప్రార్థన చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

మీ మాట సబబే. నాలుగు వాక్యాల్లో రాయడం వల్ల ఆ తేలికదనం వచ్చింది, తప్పు నాది. మన వైపు కథోలికులు చర్చిని గుడి అనే అంటారు. గుడి చేయి జారిందంటే ఆ బాధ ఎటువంటిదో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఫామగుస్తాలో జరిగినది మెత్తగానూ జరగలేదు. పదకొండు నెలల ముట్టడి తర్వాత షరతుల మీద లొంగిన వెనిస్ సేనాని మార్కంతోనియో బ్రగాదీనోను చర్మం ఒలిచి చంపారు. చర్చిలో నిలబడి ఆ చౌకు వైపు చూసినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటమే మంచిది.

అయితే ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆ చర్చి కట్టినవారు రోము సంప్రదాయపు ఫ్రెంచి పాలకులు. ద్వీపంలోని సామాన్య ప్రజలు గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు. వారి బిషప్పులను లాటిన్, అంటే రోము సంప్రదాయపు, బిషప్పుల కింద ఉంచారు, వారి మఠాల ఆస్తుల్లో చాలా భాగం లాటిన్ చర్చికి పోయింది. ఒట్టోమానులు వచ్చి లాటిన్ పీఠాన్ని రద్దు చేసి, ఆర్థడాక్స్ ఆర్చిబిషప్పును తిరిగి నిలబెట్టారు. అంటే కథోలికులకు పోయినచోటే ఆర్థడాక్స్ వారికి కొంత తిరిగివచ్చింది. చర్చి చర్చిగా ఉన్న రోజుల్లోనూ అక్కడ శాంతి రాజ్యమేలలేదు. సైప్రస్ రాజులు నికోసియాలో ఒకసారి సైప్రస్ కిరీటం ధరించి, ఫామగుస్తాలో రెండోసారి, అప్పటికే చేజారిన జెరూసలేం పేరున, కిరీటం ధరించేవారు. 1372లో రెండవ పీటర్‌కు ఇక్కడ పట్టాభిషేకం జరిగినప్పుడు రాజుగారి గుర్రం కళ్లెం కుడివైపు ఎవరు పట్టాలని జెనోవా, వెనిస్ వర్తకులు తగాదా పడ్డారు. కళ్లెం దగ్గర మొదలైన ఆ గొడవ రక్తపాతమై, మరుసటి ఏడాది జెనోవావారు ఊరినే పట్టుకునేదాకా పోయింది.

మీ ప్రశ్నకు జవాబు: మనసులో చేసుకునే ప్రార్థనను ఎవరూ అడ్డుకోరు. మోకరించడం, శిలువ గుర్తు వేసుకోవడం, పాట పాడటం అక్కడ చేయకండి. ఇప్పుడు అది నడుస్తున్న మసీదు, మనం వారి ఇంట్లో అతిథులం. తర్వాత అక్కడికి దగ్గరలోనే ఉన్న గ్రీకుల సెయింట్ జార్జి చర్చి శిథిలాల దగ్గరికి తప్పక వెళ్లండి. లాటిన్‌వారి చర్చికి తీసిపోకూడదని పద్నాలుగో శతాబ్దంలో ఆర్థడాక్స్ వారు గోతిక్ పద్ధతిలోనే కట్టుకున్నది అది. ముట్టడిలో కప్పు కూలి, గోడలకు గుండు దెబ్బలు తగిలి, ఆకాశం కిందే నిలబడి ఉంది. ఒకటి వాడుకలో ఉన్నందువల్ల కప్పుతో మిగిలింది, రెండోది వాడుక తప్పినందువల్ల శిథిలమైంది. రెండింటి మధ్యా నడిచి వచ్చాక మీకేమనిపించిందో ఈ శీర్షికకు రాయండి, వేస్తాను.

నేను అక్కడ నమాజు చదువుకోవచ్చా? ఒకప్పుడు చర్చి కాబట్టి ఏమైనా అభ్యంతరం ఉంటుందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

అక్కడివారికి అది వందల ఏళ్లుగా జుమా మసీదు, కనుక మీకు అభ్యంతరం చెప్పేవారెవరూ ఉండరు. అక్కడి తురుష్కులూ మన రాయలసీమలో ఎక్కువమందిలాగే హనఫీ సంప్రదాయంవారే. వజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే పని, దగ్గర ఒక విశేషం ఉంది: చౌకులో చర్చికి నైరుతి వైపు వెనిస్ కాలం నాటి చిన్న రాతి మండపం ఒకటుంది, దాన్నే తర్వాతి కాలంలో వజూకు అనువుగా మార్చారు. కాళ్లు కడుక్కుంటూ తలెత్తితే వెనిస్ శిల్పి చెక్కిన రాయి కనబడుతుంది. తిరుపతిలో అలవాటైన పడమటి దిక్కు మాత్రం కాసేపు మరచిపోవాలి.

ఇస్తాంబుల్ మీదుగా ఉత్తర సైప్రస్ విమానాశ్రయానికి నేరుగా పోతే టికెట్టు చవక అని మా ఊరి ట్రావెల్స్‌వారు చెబుతున్నారు. పోవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

ఆ చవక మనకొద్దు. 1974 నుంచి ద్వీపం ఉత్తరాన తురుష్కులు, దక్షిణాన గ్రీకులుగా చీలి ఉంది. ఈ రెండు మసీదులూ ఉత్తర భాగంలో ఉన్నాయి. ఆ భాగాన్ని ప్రత్యేక దేశంగా గుర్తించినది టర్కీ ఒక్కటే, మన దేశం గుర్తించలేదు. మీరు చెబుతున్న ఎర్జాన్ విమానాశ్రయంలో దిగడాన్ని సైప్రస్ ప్రభుత్వం అక్రమ ప్రవేశంగా పరిగణిస్తుంది. అక్కడ ఏదైనా చిక్కు వస్తే ఆదుకోవడానికి మన రాయబార కార్యాలయమూ లేదు, మన హైకమిషన్ దక్షిణాన ఉంది. కాబట్టి సైప్రస్ వీసా తీసుకుని, లార్నాకా విమానాశ్రయంలో దిగి, నికోసియాకు వెళ్లండి. ఊరి నడిబొడ్డున లెడ్రా వీధిలో 2008లో తెరిచిన దారి గుండా నడిచే అవతలికి పోవచ్చు. రెండు వైపులా పాస్‌పోర్టు చూపాలి. సెలీమియే మసీదు అక్కడి నుంచి కాలినడక దూరమే. ఫామగుస్తా అరవై కిలోమీటర్లు, బస్సులున్నాయి. దక్షిణాన అద్దెకు తీసుకున్న కారుకు అక్కడి బీమా ఉత్తరాన చెల్లదు, సరిహద్దు దగ్గర వేరే బీమా కొనాలి. దక్షిణాన యూరోలు, ఉత్తరాన టర్కీ లీరాలు. మీ వీసా మీద అవతలికి పోయి తిరిగి రావడానికి ఇబ్బంది లేదని బయలుదేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి. మరమ్మతుల కాలంలో మసీదుల్లోకి రానివ్వరు కనుక ఆ సంగతి కూడా విచారించండి.

ఉత్తరాన గ్రీకు చర్చిలు కొన్ని 1974 తర్వాత మసీదులయ్యాయి, కొన్ని పాడుబడ్డాయి. దక్షిణాన ముస్లిములు వదిలిపోయిన మసీదులు చాలావరకు తాళాలతో ఉన్నాయి. సరిహద్దుకు ఇరువైపులా ఎవరితో మాట కలిపినా ఎదుటివారి సంగతే ముందు చెబుతారు. వినండి, తీర్పు చెప్పకండి.

ఫామగుస్తా మసీదు ముందు ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు ఉందని మా మనవరాలు ఫోన్‌లో ఫోటో చూపించింది. మర్రిచెట్లు అంత చలి దేశంలో బతుకుతాయా?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

సైప్రస్ అంత చలి దేశమేమీ కాదు, అది మర్రీ కాదు. మేడి జాతి చెట్టు. మనం అత్తి అని కూడా అంటామే, దానికి దగ్గరి చుట్టం. ఊడలు ఉండవు, పండ్లు కొమ్మల చివర కాక మాను మీదా, లావుపాటి కొమ్మల మీదా గుత్తులుగా పుడతాయి. చర్చి పని మొదలైనప్పుడు, 1299 ప్రాంతంలో, నాటారని అక్కడ చెప్పుకుంటారు. మాను చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. నలుగురు చేతులు కలిపితే గానీ అందేటట్టు లేదు. ఒక లావుపాటి కొమ్మ తన బరువుకు తానే వంగి, నేలకు మోకాలెత్తు దాకా వచ్చి, మళ్లీ పైకి తిరిగింది. దాని కింద ఇనుప ఊతలు పెట్టారు.

నేను వెళ్లిన రోజు లోపల నమాజు మొదలైందని తలుపు దగ్గరివారు ఆగమన్నారు. చెట్టు కింద అరగంట కూర్చున్నాను. పక్కన టీ అమ్మే మనిషి ఒక పండు ఏరి ఇచ్చాడు. మేడిపండు సంగతి తెలిసినవాణ్ణి కనుక తినే ముందు విప్పి చూశాను. అతను నవ్వాడు, ఇక్కడా అందరూ అంతేనని సైగ చేసి, తనది కూడా విప్పి చూపించాడు.